మానుకెవరున్నారే తల్లీ

“కళ్ళజోడు మార్చావా?”

తలుపు తీసిన చెల్లెలు ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత పలికిన మొదటి మాట అది.

“కళ్ళే మారాయి,” అంది అక్క. నాలుగంతస్తులు ఎక్కొచ్చిన ఆయాసంలో అంతకన్నా మంచి జవాబు తట్టలేదు.

ఇద్దరూ నవ్వబోయి ఆగిపోయారు. అక్క చెప్పులు విప్పి, గుమ్మం వైపు తిప్పి పెట్టింది. వచ్చేటప్పుడే వెళ్ళే దారి చూసుకోవడం ఆమెకు అలవాటు. సాయంత్రం ఆరింటి బస్సుకి తిరుగు టికెట్టు అప్పుడే సంచీలో ఉంది.

ఆమె గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలు కుట్టే మనిషి. అందరూ ‘బైండింగమ్మ’ అంటారు. బడికి వెళ్ళింది మూడేళ్ళే. మిగతా చదువంతా జిగురు ఆరేలోపు పుస్తకాల్లోంచి ఏరుకున్నదే. ఏ పుస్తకంలోనైనా ముందు ఊడిపోయేది ఆఖరి పేజీయేనని ఆమెకు తెలుసు. అలాంటివాటికి చివర ఒక తెల్లకాగితం చేర్చి కుడుతుంది, ఎప్పటికైనా ఎవరైనా తెలిసినవాళ్ళు రాస్తారేమోనని.

అలాంటి ఖాళీ కాగితం ఆమె లోపల కూడా ఒకటుంది.

చిన్నప్పుడు అమ్మ వాళ్ళిద్దర్నీ చెరో పక్కా వేసుకుని ఒక పాట పాడేది. అమ్మకి వాళ్ళమ్మ నేర్పింది, ఆవిడకి ఆవిడ అమ్మ.

*పిట్టకేమో గూడు ఉంది, గూటికేమో కొమ్మ ఉంది,*
*కొమ్మకేమో మాను ఉంది, మానుకెవరున్నారే తల్లీ?*

అక్కడితో ఆపేసేది. జవాబు ఆఖరి చరణంలో ఉందట. అది పిల్లలు నిద్రపోయాకే పాడాలట. కూతురు పెద్దదయ్యాక తల్లి ఆమె చెవిలో చెప్పాలట. చెల్లెలు గూడు దగ్గరే గుర్రు పెట్టేది. అక్క మాత్రం కళ్ళు గట్టిగా మూసుకుని కాచుకునేది.

“రెప్పలు అదురుతున్నాయే దొంగా,” అనేది అమ్మ.

ఇద్దరూ పోట్లాడుకుంటే అమ్మ కొట్టేది కాదు. దువ్వెన ఒకదాని చేతిలో, అద్దం ఒకదాని చేతిలో పెట్టి తన పని చూసుకునేది. ఒకరి దగ్గరున్నది ఒకరికి కావాల్సొచ్చి, కాసేపటికి రెండు తలలూ ఒకే మెట్టు మీద ఉండేవి.

చెల్లెలు పెళ్ళయి దూరం వెళ్ళిపోయింది. అక్కకి పెళ్ళి కుదరలేదు. అమ్మని ఆఖరిదాకా చూసుకుంది. ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని ఒకరోజు అడిగేసింది.

“ఆ ఆఖరి చరణం ఇప్పుడైనా చెప్పవే అమ్మా.”

“చిన్నదానికి చెప్పాను. కావాలంటే వెళ్ళి దాన్నడుగు.”

మందులు వేసింది తను, ఒళ్ళు తుడిచింది తను. పాటేమో చుట్టపుచూపుగా వచ్చిపోయేదానికి! అమ్మను సాగనంపిన రోజున చెల్లెలు కూడా ఎందుకో మూతి ముడుచుకునే బస్సెక్కింది. అక్క ఆపలేదు. అడగనూ లేదు. ఏడాదికో ఉత్తరం నడిచింది కొన్నాళ్ళు. ఆ తర్వాత అదీ లేదు.

మొన్న ఉన్నట్టుండి కార్డు ముక్క వచ్చింది. ‘మనవరాలు పుట్టింది. ఒకసారి రా. పాట కోసమైనా రా.’

నా ముందు పాడి చూపించుకోవాలని కాబోలు, అనుకుంది అక్క. అయినా బయల్దేరింది. అరవై తొమ్మిదేళ్ళొచ్చాయి. అది వినకుండానే పోతానేమోనన్న బెదురు ముందు రోషం నిలబడలేదు.

“పెద్దమ్మా! ఫోటోలోకన్నా చిక్కిపోయారే,” అంటూ చెల్లెలి కూతురు పాపనెత్తుకుని వచ్చింది. “మీరొస్తున్నారని అమ్మ రెండ్రోజులుగా ఊడ్చిందే ఊడుస్తోంది.”

“నువ్వు నోరు మూసుకుని స్నానానికి వెళ్ళు,” అంది చెల్లెలు.

“వెళ్తాలే. ఆ పాట ఇవాళైనా పూర్తిగా పాడతారా? అమ్మ ఎప్పుడూ ‘ఎవరున్నారే తల్లీ’ దగ్గరే ఆపేసేది పెద్దమ్మా. మేం పడుకున్నాక మిగతాది పాడుకునేదేమో మరి.”

అమ్మ పెట్టిన పద్ధతి చెల్లెలు తప్పలేదన్నమాట, అనుకుంది అక్క.

గదిలో ముగ్గురే మిగిలారు. తల్లి అటు వెళ్ళగానే పాప ఏడుపు లంకించుకుంది.

“నువ్వెత్తుకో,” అంటూ చెల్లెలు పాపని అక్క ఒళ్ళో పెట్టింది.

“నాకు పిల్లల్నెత్తుకోవడం ఏం తెలుసే?”

“నన్నెత్తుకుని మోశావుగా.”

సూదీ దారం పట్టే ఆ చేతులు పాప తల కింద దిండులా అమరాయి. పాట దానంతటదే నోట్లోకి వచ్చింది. రెండో మాటకి చెల్లెలూ గొంతు కలిపింది. గూడు, కొమ్మ, మాను. పాప రెప్పలు బరువెక్కాయి. చెల్లెలు అక్క పెదాల వంకే చూస్తోంది.

*మానుకెవరున్నారే తల్లీ?*

ఇద్దరూ ఒక్కచోటే ఆగారు. పాప నిద్రపోయింది.

అక్క చిన్నప్పటిలాగే కళ్ళు మూసుకుని కాచుకుంది. గోడ గడియారం చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. తన రెప్పలు అదురుతున్నాయని ఆమెకే తెలుస్తోంది.

“పాడవే,” అంది చివరికి, కళ్ళు తెరవకుండానే. “నేను వినకూడదంటే బయటికెళ్తాను. ఈ పసిదాని కోసమైనా పాడు. అమ్మ నీకిచ్చిందని ఇన్నేళ్ళూ కుళ్ళుకున్నాను. ఇంక కుళ్ళుకోను. ఒక్కసారి వింటాను, అంతే.”

అక్క కళ్ళు తెరిచింది. చెల్లెలి మొహం పాలిపోయి ఉంది.

“అది నీకే చెప్పానని నాతో అంది కదక్కా అమ్మ!”