పాకం మీదున్న కంప్యూటరు

అఫ్రాజ్ చేసిన పనిని జక్కయ్య చచ్చినా మరిచిపోడు. పొద్దుటి నుంచీ అంతమంది రైతులు పడిగాపులు పడుతుంటే, నడుస్తున్న కంప్యూటరును ఆ ఆపరేటరు కుర్రాడు మళ్లీ ఆపేశాడు!

గుణదలలో చక్కెర ఫ్యాక్టరీ వాళ్ల కంప్యూటరు గది అది. చెప్పులు బయటే విడవాలి. లోపల బీరువాలంతేసి పెట్టెలు, ఎముకలు కొరికే చలి. ఆ పెట్టెలు ఏ రైతు పేరు చెబితే ఆ రైతుకే చెరుకు నరకడానికి కటింగు ఆర్డరు వస్తుంది. ఆర్డరు లేని చెరుకు ఫ్యాక్టరీ గేటు దాటదు. రేపటితో ఈ ఏడాది చెరుకు ఆడే క్రషింగు ఆఖరు. హనుమాన్ జంక్షన్ అవతల జక్కయ్య చెరుకు నిలువునా ఎండి బెండవుతోంది.

"ఎందుకాపావయ్యా?"

"లోపల ఏదో తప్పు రాస్తోంది బాబాయ్. ఎవరి చేను దగ్గర రాస్తోందో, ఆపి చూస్తేగానీ తెలీదు. ఓ గంట ఓపిక పట్టండి."

"మా ఊరి వంతు వచ్చేసరికే దానికి రోగమొచ్చిందా? ఎవరి పేరు దూర్చుదామని?"

"నాకు చెరుకు రసం తాగడమే తెలుసు బాబాయ్. చేను లేదు."

"ఉడికే పాకాన్ని మధ్యలో దించితే బెల్లం ముద్ద కట్టదు. బెల్లం వండి తల నెరిసినోణ్ణి, నాకు చెబుతావా? నడవనీ!"

"అడుగంటుతున్నా దించరా?"

వెనకనున్న రైతులు గొల్లున నవ్వారు. జక్కయ్యకు ఒళ్లు మండిపోయింది. తువ్వాలు పరిచి ఆ చల్లటి నేలమీదే బైఠాయించాడు.

"ఇది తిరిగితేగానీ నేను లేవను. నవ్వుతారేంట్రా, మీరూ కూర్చోండి!"

అందరూ కూర్చున్నారు. మేనేజరు వెంకటసుబ్బారావు గారు పరుగున వచ్చారు.

"ఎందుకొచ్చిన గొడవయ్యా అఫ్రాజ్! నడిపెయ్, తర్వాత చూసుకుందాం."

"ఒకసారి రాసేశాక చెరపాలంటే మళ్లీ మొదటినుంచీ నడపాలండీ. రెండ్రోజులు పడుతుంది."

"నడపమన్నానా, లేదా?"

అఫ్రాజ్ మీట నొక్కాడు. పెట్టెలు మళ్లీ హోరెత్తాయి. జక్కయ్య మీసం దువ్వుకుంటూ లేచి, బయట అందరికీ టీలు చెప్పాడు. "అదిలిస్తేగానీ ఈ చదువుకున్నోళ్లకి చేతులాడవు!" అన్నాడు.

టీలు తాగేలోపే ఆర్డర్లు వచ్చేశాయి. ఎవరిది వాళ్లు అందుకుని బస్సుకు పరుగెత్తారు. చివరికి జక్కయ్య ఒక్కడే మిగిలాడు.

"నాదేదయ్యా?"

అఫ్రాజ్ మీటలు నొక్కి తెర చూశాడు.

"నరకని చేనును నరికేసినట్టు రాసేస్తోంది బాబాయ్. ఆ తప్పు పట్టుకుందామనే ఆపాను."

"ఎవరి చేనును?"

అఫ్రాజ్ తెరమీద ఉన్నదున్నట్టు చదివాడు.

"కోత పూర్తి. జక్కయ్య, ఎకరం డెబ్బై రెండు సెంట్లు."