కట్ట కింద తడి

చెరువు అమ్మేది లేదని అత్తగారు భీష్మించుకుని కూర్చుంది కాబట్టి, ఆ చెరువు చేతే ఆవిడని భయపెట్టించాలని అల్లుడు నిర్ణయించుకున్నాడు.

చెరువు పెద్దదేమీ కాదు. మామగారు బతికున్న రోజుల్లో సొంత భూమిలో వాగుకి అడ్డంగా మట్టికట్ట పోయించి నీళ్లు నిలబెట్టాడు. ఇప్పుడందులో తొక్కుడు బోట్లున్నాయి. గాలం వేసుకునేవాళ్లకి గట్టున సిమెంటు బల్లలున్నాయి. ఆదివారం వస్తే జనం పిల్లాజెల్లాతో దిగిపోతారు. లైఫ్ జాకెట్ పట్టీ తన చేత్తో లాగి చూస్తే గానీ అత్తగారు ఎవరినీ బోటెక్కనివ్వదు.

కట్ట విషయంలో ఆవిడది మరీ చాదస్తం. దాని మీద గడ్డి తప్ప ఏదీ మొలవకూడదు. మొక్క కనిపిస్తే వేళ్లతో సహా పీకేస్తుంది. గుడారం వేసుకోవడానికి ఎవరో మేకు దించబోతే, టికెట్టు డబ్బులు వెనక్కిచ్చి మరీ పంపేసింది.

"కట్ట కింద తేటనీళ్లు ఊరితే ఊరనీండి బాబూ, అది మామూలే," అనేది. "బురదనీళ్లొచ్చాయో, లోపలి మట్టి కొట్టుకుపోతోందన్నమాట. దిగువన అన్ని ఇళ్లున్నాయి. ఆ రోజొస్తే మాత్రం ఈ చెరువు నేనుంచుకోను."

అల్లుడు మిగతాదంతా గాలికొదిలేసి, ఆ చివరి మాట ఒక్కటి పట్టుకున్నాడు.

ఒక రిసార్టు కంపెనీ చెరువు కోసం అతని చుట్టూ తిరుగుతోంది. అత్తగారి దగ్గర సగానికి కొని వాళ్లకి అమ్మితే, ఇక జన్మంతా కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు. కట్ట గట్టిగా ఉందని ఇంజనీరు చెప్తే చాలంటున్నారు వాళ్లు. కట్ట నిక్షేపంలా ఉంది. ఆ బెంగ అతనికి లేదు.

శనివారం భోజనానికి వెళ్లాడు. ఈమధ్య ఆ ఇంట్లో అతనికి మర్యాద పెరిగింది. వరండాలో బిందెలు నిండుగా పెట్టి ఉంటున్నాయి. చెయ్యి కడుక్కోవడానికి కూడా పెరట్లోకి వెళ్లే పని లేకుండా అత్తగారే చెంబుతో నీళ్లు పోస్తోంది. అల్లుడన్నాక ఆ మాత్రం ఉండాలనుకున్నాడు.

ఆవిడ కునుకు తీస్తుండగా బోట్ల షెడ్డులోంచి గునపం పట్టుకుని కట్ట కిందికి దిగాడు. గడ్డి బాగా పచ్చగా ఉన్న చోటు చూసి పోటు వేస్తే, వెన్నలో దిగినట్టు దిగింది. మోచేతి లోతున గొయ్యి తీసి, బోట్లు కడిగే గొట్టం కొస అందులో దూర్చి, పైన రాళ్లూ గడ్డీ కప్పాడు. రెండో కొస షెడ్డు వెనక కుళాయికి బిగించి తిప్పాడు. గొట్టం సుయ్‌మంది. పని అయిపోయిందనుకుని గునపం గోడకి ఆనించి, వెళ్లి వరండాలో నడుం వాల్చాడు.

సాయంత్రం కట్ట చూసి వచ్చిన అత్తగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. అల్లుడు వెంట వెళ్లి చూసి, తన పనితనానికి తానే ముచ్చటపడ్డాడు. రాళ్ల సందుల్లోంచి నీళ్లు ఊరుతున్నాయి, అదీ బురదగా. తవ్విన మట్టి కరుగుతోంది కాబోలు, అడగకుండానే కలిసొచ్చింది.

"ఇక్కడ ఎవరైనా గునపం వేశారా బాబూ?"

"ఎవరేస్తారత్తయ్యా? పాత కట్ట. దాని ఆయుష్షు తీరిపోయింది."

ఆవిడ మట్టి కొట్టుకున్న అతని బూట్ల వంక చూసింది.

ఆ పూటే బోట్లు ఆపించింది. చెరువు మట్టం తగ్గించడానికి తూము ఎత్తించింది గానీ, నిండు చెరువుకి ఆ చిన్న తూము ఏ మూలకి? దిగువ ఇళ్లవాళ్లకి కబురంపి, మెట్ట మీదున్న బడిలోకి మార్పించింది. గొట్టం నీళ్లకి అంతమంది మూటాముల్లె సర్దుకుంటుంటే అల్లుడికి నవ్వాపుకోవడం కష్టమైంది.

ఈ తలనొప్పి మీకెందుకు, నేను కొనుక్కుని చూసుకుంటానన్నాడు. సగం ధరంటే ఆవిడ బేరమాడలేదు. ఒక్క షరతు పెట్టింది. కట్ట బాగుచేయించే బాధ్యత, దిగువన నష్టం జరిగితే కట్టుకునే బాధ్యత కొన్నవాడిదేనని దస్తావేజులో రాయించాలంది. ఊట తన చేతిలోదే అయినప్పుడు రాయించడానికేం? ఉన్న ఇల్లు తాకట్టు పెట్టి డబ్బు తెచ్చి, సంతకం పెట్టేశాడు.

రిజిస్ట్రేషన్ అయిన మర్నాడు పొద్దున్న అత్తగారు సామాను సర్దుకుంటుంటే, అతను షెడ్డు వెనక్కి వెళ్లి కుళాయి కట్టేశాడు. గొట్టం లాగితే తేలిగ్గా వచ్చేసింది. చుట్టి లోపల పడేశాడు. కంపెనీ ఇంజనీరు వచ్చేలోగా నేల ఆరితే చాలు.

కాసేపాగి వెళ్లి చూస్తే ఊట ఆగలేదు. నేల తాగిన నీళ్లు దిగుతున్నాయిలే అనుకున్నాడు. మధ్యాహ్నానికి, తాను పేర్చిన రాళ్లు పక్కకి దొర్లి ఉన్నాయి. ఆ గొయ్యిలోంచి కాఫీ రంగు నీళ్లు చెయ్యి మందాన తన్నుకొస్తున్నాయి.

పరుగున వెళ్లి కుళాయి చూశాడు. బిగించే ఉంది. ఇంకాస్త బిగించి, వరండాలోకొచ్చాడు.

"అత్తయ్యా, షెడ్డు వెనక కుళాయి ఎవరైనా తిప్పారా?"

ఆవిడ చెంబు మూటలో పెట్టబోతూ ఆగి, తలెత్తి చూసింది.

"మోటారు కాలిపోయి నెల దాటింది, ఆ కుళాయిలో నీళ్లెక్కడివి బాబూ? ఇన్నాళ్లూ మీకు చెంబుతో పోస్తుంటే మర్యాదనుకున్నారా?"