పద్నాలుగు వోల్టులు

"పద్నాలుగు చూపిస్తోంది! కళ్ళు విప్పి చూడరా!"

బ్యాటరీ కొట్టు యజమాని మీటరును బావమరిది ముక్కు దాకా తెచ్చాడు.

వ్యాను ఇంజన్ రయ్యిమంటోంది. లోపల కొత్త లిథియం బ్యాటరీ పెళ్ళికొడుకులా కూర్చుంది. పాతదానికి మూడింతల శక్తి దానిది. దాన్ని చార్జ్ చేయాల్సిన ఆల్టర్నేటర్ మాత్రం బండి కొన్నప్పుడు వచ్చినదే.

ఆ యజమానికి తెలియని విద్య లేదు. ఎవరినీ అడగనక్కర్లేదు, ఆయనే చెబుతాడు.

"ఇంక భయం లేదా బావా?"

పాపం, వాడి భయం ఊరికే పుట్టింది కాదు. ఉన్న ఉద్యోగం వదులుకుని ఈ వ్యాను కొన్నాడు. మందుల కంపెనీవాళ్ళు నెల రోజులు పని చూస్తామన్నారు. వెనక ఈ బ్యాటరీతో నడిచే చల్లపెట్టెలో మందులు ఒక్కసారి వేడెక్కినా మళ్ళీ గుమ్మం తొక్కవద్దన్నారు.

"పద్నాలుగు వోల్టులు వస్తే పనైపోయినట్టే. నేను చెబుతున్నాగా!"

"అవలేదు బాబూ."

ఇద్దరూ వెనక్కి తిరిగారు.

భుజాన గుడ్డసంచీతో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. చొక్కాకి రెండు గుండీలు లేవు. వేళ్ళ చివర్లు పాకంలో ముంచినట్టు గోధుమరంగు తిరిగి ఉన్నాయి.

యజమాని ఆయన్ని పైనుంచి కిందికి చూశాడు. అరిగిన చెప్పులు చూశాక మళ్ళీ పైకి చూడక్కర్లేదనుకున్నాడు.

"ఏం కావాలి?"

"ఏమీ వద్దండీ. ఒక్క మాట చెప్పిపోదామని. ఈ బ్యాటరీకి ఆ ఆల్టర్నేటర్ సరిపోదు. పాత బ్యాటరీ కాస్త నిండగానే తాగడం తగ్గించేది. ఇది నిండేదాకా ఇచ్చిందంతా లాగేస్తుంది. వోల్టులు కాదు, ఎన్ని ఆంపియర్లు లాగుతోందో చూడండి."

"అబ్బో! పాఠం కూడానా?"

"బండి ఆగి ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆల్టర్నేటర్ ఫ్యాను కూడా నెమ్మదిగానే తిరుగుతుంది. గాలి చాలక అరగంటలో మాడిపోతుంది. మధ్యలో కరెంటును అదుపు చేసే చార్జర్ ఒకటి పెట్టండి, చాలు."

"బావా, ఆయన చెప్పేదేదో..."

"నువ్వు నోర్ముయ్! దారినపోయే ప్రతివాడూ ఇంజనీరే మన ప్రాణానికి!"

ముసలాయన కదల్లేదు.

"ఇంతకుముందు మీరు ఇలాగే పెట్టిన నాలుగు బళ్ళు..."

"అవి డ్రైవర్ల నిర్వాకం! అయినా కాలితే కొంపేం మునిగింది? మా వైండింగ్ ఆయనకి పంపిస్తే తీగ మళ్ళీ చుట్టి కొత్తదానిలా చేసి పంపుతాడు. పనంటే ఆయనదయ్యా!"

"ఆయన చెబితే వింటారా?"

"కళ్ళకద్దుకుంటా. మధ్యలో నువ్వెవడివి?"

ముసలాయన ఏదో చెప్పబోయాడు.

యజమాని బానెట్ ధడాలున మూసేశాడు.

ముసలాయన ఒక క్షణం ఆ బానెట్ వైపు చూసి, సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

"చూశావా, ఎలా తోక ముడిచాడో!" అని యజమాని పకపకా నవ్వాడు. బావమరిది కూడా నవ్వాడు, నవ్వకపోతే బాగుండదని.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం వంతెన మీద లారీ ఒకటి అడ్డం తిరిగింది. వెనక ఎక్కడి బళ్ళు అక్కడే ఆగిపోయాయి.

వ్యానులో పెట్టె నిండా మందులున్నాయి. సరుకు ఎక్కించేదాకా ఇంజన్ ఆపేసి పొద్దుటినుంచీ పెట్టెను బ్యాటరీ మీదే నడిపారు. బ్యాటరీ అడుగంటి ఉంది. ఇప్పుడు ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంటే ఉన్న కరెంటంతా ఆవురావురుమని లాగింది.

ముప్పై అయిదో నిమిషానికి మాడు వాసన వచ్చింది. తర్వాత పొగ. ఇంకాసేపటికి పెట్టె మూలగడం మానేసింది.

బండిని తాడు కట్టి లాగించుకెళ్ళాక, కంపెనీ గోడౌన్లో ఒకాయన పెట్టెలో థర్మామీటర్ పెట్టి తీసి చూశాడు. తిట్టనైనా తిట్టలేదు.

"సరుకు దించెయ్. రేపట్నుంచి రావద్దు."

సాయంత్రం బావమరిది తాళాలు తెచ్చి కొట్టు బల్ల మీద పెట్టాడు.

"ఉన్న ఉద్యోగం వదిలేశాను. ఇదీ పోయింది. ఇంటికెళ్ళి ఏం చెప్పమంటావు బావా?"

డ్రైవర్ల నిర్వాకం అనే మాట యజమాని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ డ్రైవరు ఎదురుగా నిలబడి ఏడుస్తున్నాడు. మాట మింగేశాడు.

కాలిన ఆల్టర్నేటర్ విప్పి, గోనెగుడ్డలో చుట్టి, తనే పట్టుకుని బయలుదేరాడు. పదేళ్ళుగా సరుకు ట్రాలీ ఆటోలో వెళ్ళి రావడమే తప్ప, వైండింగ్ ఆయన గుమ్మం ఎలా ఉంటుందో ఆయనకు తెలియదు.

రెండు బస్సులు మారి వెళ్ళాడు. రేకుల గదిలోకి తల వంచి దూరాడు. వార్నిష్ వాసన గుప్పుమంది. గోడకు నాలుగు మేకులు, వాటికి నల్లగా మాడిన నాలుగు రాగితీగ కట్టలు వేలాడుతున్నాయి. ఒక్కోదానికీ తన కొట్టు చీటీ.

స్టూలు మీద కూర్చున్న మనిషి తల ఎత్తకుండానే చెయ్యి చాపాడు. వేళ్ళ చివర్లు గోధుమరంగులో ఉన్నాయి. ఆల్టర్నేటర్ అందుకుని వాసన చూశాడు.

"ఐదోది" అన్నాడు.

యజమాని ఈసారి చెప్పులు కాదు, మొహం చూశాడు.

"మీరా... ఆ రోజే వైండింగ్ ఆయన్ని నేనేనని ఒక్క మాట చెప్పి ఉంటే..."

"చెప్పబోతే బానెట్ వేసేశారు కదండీ."

యజమాని తల దించుకున్నాడు. పని బల్ల మీద తను తెచ్చిన ఆల్టర్నేటర్ తప్ప వేరే పనేమీ లేదు. తను కాల్చి పంపినవాటితోనే ఇంట్లో పొయ్యి వెలిగించుకునే ఆ మనిషి, ఇక కాల్చవద్దని చెప్పడానికే ఆ రోజు అంత దూరం వచ్చాడు.