సలహాలు నిషేధం

"ఆ కన్నం ఏ గదిలో ఉందండీ?"

ఫోన్లో ఈ ప్రశ్న చూసి ఇస్త్రీపెట్టె చేతిలో పని ఆపింది.

ఇస్త్రీపెట్టె అంటే ఆ ఇంటి కోడలు. 'సణుగుడు సంఘం' అని ఫోన్లో గుంపు పెట్టింది ఆవిడే. అందులో ఎవరికీ అసలు పేర్లుండవు, ముఖాలు అంతకన్నా ఉండవు. రోజుకో సణుగుడు, దాని కిందే ఒక చిన్న సంతోషం రాయాలి. ఎవరూ ఎవరికీ సలహా ఇవ్వకూడదు. ఇస్తే అదే వాళ్లకి ఆఖరి రోజు.

సలహాలు ఇంట్లోనే కావలసినన్ని దొరుకుతుంటే, వాటికోసం మళ్లీ ఫోన్ చార్జింగ్ ఎందుకని ఆవిడ ఉద్దేశం.

ఆ పొద్దున ఆవిడ రాసిందిది:

"సణుగుడు: వారం నుంచి తల పగిలిపోతోంది. ఉతికిన బట్టలు బయట ఆరేసేసరికి తగ్గుతుంది, లోపలికొస్తే మళ్లీ మొదలు. ఈ ఇంటికీ నాకూ పడటం లేదు.

సంతోషం: చలిగాలి కొట్టే గోడ కన్నానికి పోయిన వారం అట్ట పెట్టి టేపు వేసేశా. ఇప్పుడు హాయిగా, వెచ్చగా ఉంది."

"మా ఇంటికీ నాకూ విడాకులే ఇంక," అని రాసింది రెండో షిఫ్టు.

మాడిన గిన్నె నాలుగు నవ్వు బొమ్మలు పెట్టింది.

అప్పుడు అడిగాడు తాళంకప్ప, ఆ కన్నం సంగతి.

తాళంకప్ప చేరి నెలయింది. ఎవరు చేర్చారో ఎవరికీ గుర్తులేదు. రోజూ ఒకటే సణుగుడు: "ఇవాళ కూడా ఇల్లు నిశ్శబ్దంగా ఉంది." సంతోషం దగ్గర ఖాళీ. ఒక్కో వాక్యం రాయడానికి పావుగంట తీసుకునేవాడు.

"స్నానాల గదిలో. ఏం?" అంది ఇస్త్రీపెట్టె.

"ఆ గదిలో సామాన్లు ఏమేం ఉన్నాయి?"

ఆవిడ ఓసారి వీధి తలుపు వైపు చూసింది.

"మీ ఇంట్లో అందరికన్నా ఎక్కువసేపు స్నానం చేసేదెవరు?"

ఆవిడ గబగబా వంటింటి కిటికీ వేసేసింది.

అత్తగారు తువ్వాలు భుజాన వేసుకుని, గోడ పట్టుకుంటూ వస్తోంది. రెండు రోజులుగా ఆవిడకీ కాస్త కళ్లు తిరుగుతున్నాయి.

"అత్తయ్యా, ఫోన్లో ఒకడు మనింట్లో ఎక్కువసేపు స్నానం చేసేదెవరని అడుగుతున్నాడు!"

"నేనేనని చెప్పు. ఈ వయసులో నా గురించి అడిగిన మగాడు వాడొక్కడే."

"మీకు అన్నీ వేళాకోళాలే. వాడు దొంగో, ఇంకా ఘోరమైనవాడో!"

"అయితే ముందు నువ్వు ఫోను అవతల పెట్టవే. అన్నట్టు ఆ గీజరు మంట చూశావా? పసుపుపచ్చగా దీపంలా వెలుగుతోంది. ముచ్చటగా ఉందిలే," అంటూ అత్తగారు లోపలికి వెళ్లి గడియ వేసుకుంది.

ఫోను మళ్లీ మోగింది.

"ఆ కన్నం తెరవండి. దయచేసి ఇప్పుడే."

"చూశారా, తెరిచిపెట్టాలట!" అంది రెండో షిఫ్టు. "లోపలికొచ్చాక పీట కూడా వెయ్యాలేమో దొరగారికి!"

"పైగా సలహా ఇచ్చాడు. రూలంటే రూలే," అంది మాడిన గిన్నె.

తాళంకప్ప ఇంకా ఏదో టైపు చేస్తున్నట్టు తెర మీద కనబడుతోంది. ఎంతకీ తెమలడం లేదు.

ఇస్త్రీపెట్టె అతన్ని తీసేసింది. గుంపంతా చప్పట్లు.

వెంటనే తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. కట్ చేసింది. మళ్లీ వచ్చింది. మూడోసారికి ఆ నంబరు తన జోలికి రాకుండా బ్లాక్ చేసి, గుండెల మీద చెయ్యి వేసుకుంది.

స్నానాల గదిలో నీళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"అత్తయ్యా, ఊళ్లో నీళ్లన్నీ మీకేనా?"

మామూలుగా అయితే ఆ మాటకి రెండు మాటలు వడ్డీతో తిరిగొచ్చేవి.

"అత్తయ్యా!"

నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

పక్కింటి వడ్రంగి వచ్చి తలుపు పగలగొట్టాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కాగితం ముందు పెట్టుకుని అడిగింది.

"స్నానాల గదిలో ఏమేం ఉన్నాయి?"

కోడలు తలెత్తి చూసింది. తర్వాత ఒక్కొక్కటే చెప్పింది.

"గ్యాస్ గీజరా? మరి గాలి పోవడానికి కన్నం లేదా?"

"ఉంది. చలి వేస్తోందని... మూశాను."

"ఆ మంట నుంచి వచ్చే విషపు గాలికి వాసన ఉండదమ్మా. కన్నం మూస్తే లోపలే పోగుపడుతుంది. ముందు తలనొప్పి వచ్చి ఉండాలే, మీకు రాలేదూ?"

"వచ్చింది," అంది కోడలు. "సణుక్కున్నాను."

మూడోనాడు అత్తగారు కళ్లు తెరిచింది. పక్కనే కూర్చున్న కోడలిని చాలాసేపు మర్యాదగా చూసింది.

"ఎవరమ్మా మీరు? మా ఇంటికి కబురు పంపారా?"

గదమాయించడం తప్ప 'మీరు' అనడం ఎరగని మనిషి.

"జ్ఞాపకం రావచ్చు, రాకపోవచ్చు. మెదడుకి దెబ్బ తగిలింది," అంది డాక్టరమ్మ.

కోడలు వరండాలోకి వచ్చి, బ్లాక్ చేసిన నంబరు తెరిచి రాసింది.

"నేను ఇస్త్రీపెట్టెని. మిమ్మల్ని దొంగ అనుకున్నాను. మా అత్తయ్య బతికారు, కానీ నేనెవరో ఆవిడకి తెలియడం లేదు. నేను సరదాగా రాసిన రెండు ముక్కల్లో ఇదంతా మీకెలా కనబడిందండీ? మీరు డాక్టరా?"

పావుగంటకి జవాబు వచ్చింది.

"కాదండీ. నిరుడు మా పాపకి స్నానం చేయించడానికి మా ఆవిడ లోపలికి వెళ్లింది. పిల్లకి చలి కొడుతోందంటే ఆ కన్నానికి అట్ట పెట్టి టేపు వేసింది నేనే."