తెరిచిన వాల్వు ఎవరు మూస్తారు

ఆగు తల్లీ, సూపర్‌వైజరుగారు అని రాశావా? ఆ 'గారు' కొట్టెయ్. వాడికంత మర్యాద అక్కర్లేదు. ఉత్త సూపర్‌వైజరు అని రాయి చాలు.

వాడు ఆసుపత్రి లాండ్రీలో ఇరవై ఏళ్లు పనిచేశాడు. తడి దుప్పట్లు పిండే చోట మొదలై, నడుముకి తాళాలగుత్తి వేలాడేసుకునే దాకా ఎదిగాడు. పని నేర్చుకుని కాదు, తల ఊపి. పైవాళ్లు ఏం చెప్పినా, అర్థమైనా కాకపోయినా, వాడి తల ఊగేది.

కొత్త ఉతుకు మెషిన్ వచ్చినప్పుడూ అంతే. దాని ప్రోగ్రాం రాసిన ఇంజనీరు వచ్చి అరగంట ఏకధాటిగా చెప్పాడు. అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. వీడొక్కడే తలాడించాడు. "తెలివైనవాడివయ్యా" అని ఇంజనీరు భుజం తట్టాడు. ఆ భుజాన్ని వారం రోజులు దులుపుకోలేదు వీడు.

రెండు నెలల తర్వాత ఇస్త్రీ చేసే ఆవిడ చెయ్యి మోచేతి దాకా కాలింది.

మెషిన్ నడిపేది ఇంకొకావిడ. అందరూ మెషిన్ అక్క అనేవాళ్లు. ఉతుకు మధ్యలో దుప్పటి ఇరుక్కుంటే అక్క ఎర్ర బటన్ నొక్కింది. తెర మీద 'సిద్ధం' అని పడింది. తలుపు తాళం ఊడింది. ఇస్త్రీ ఆవిడ దుప్పటి లాగబోయి లోపల చెయ్యి పెట్టింది. ఆవిరి ఇంకా వస్తూనే ఉంది.

మర్నాడు మేనేజరు గదిలో విచారణ. తప్పు అక్కదని తేలితే ఉద్యోగం పోతుంది. ఆవిడ జీతం మీదే ఇంట్లో ముగ్గురు బతుకుతున్నారు.

ఇంజనీరు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. సూపర్‌వైజరు ఆ కుర్చీ వెనకాల నిలబడ్డాడు, ఎవరో తగిలించి మర్చిపోయిన కోటులాగా.

"ప్రోగ్రాంలో తప్పేం లేదు" అన్నాడు ఇంజనీరు. "సి అనే కంప్యూటర్ భాషలో రాశాను. అందులో ఒక పని ఇంకో పనిని పిలుస్తుంది, అది మరోదాన్ని. అన్నిటికన్నా ముందే, ప్రోగ్రాం తానెక్కడ నిలబడి ఉందో ఒకచోట రాసిపెట్టుకుంటుంది. ఎర్ర బటన్ నొక్కగానే ఆ రాసుకున్నది తీసి ఒక్క దూకులో అక్కడికే వచ్చేస్తుంది. లాంగ్‌జంప్ అంటారు. మీకు చెప్పినా తలకెక్కదులే."

"అక్కడికంటే, తలుపు తీసే చోటికా సార్?" అంది అక్క.

"అవును."

"మరి మధ్యలో సగం చేసిన పనులు?"

"వాటి ఊసే ఉండదు. వాటిలోకి తిరిగి అడుగు కూడా పెట్టదు. అందుకే అంత వేగం."

"ఆవిరి వాల్వు తెరిచింది ఆ మధ్యలో పనే కదా సార్. చివర్లో మూసేదీ అదే. దాన్ని దాటేసి దూకితే తెరిచిన వాల్వు ఎవరు మూస్తారు?"

ఇంజనీరు కాలు కిందికి దిగింది.

"కొన్ని భాషల్లో అయితే ఏ మెట్టు దగ్గర ఏం మూయాలో, మనం రాసింది మెషిన్‌కి అర్థమయ్యేలా మార్చే కంపైలరే పట్టీ రాసిపెడుతుంది. ఒక్కో మెట్టూ దిగుతూ, మూసుకుంటూ వస్తుంది. సి లో ఆ సదుపాయం లేదు. మనమే రాసుకోవాలి."

"మీరు రాశారా?"

"బట్టలుతికేవాళ్లకి కూడా జవాబు చెప్పుకోవాలా నేను?" అని మేనేజరు వైపు తిరిగాడు. "బటన్ నొక్కాక వాల్వు చేత్తో మూయమని మొదటిరోజే చెప్పాను. అడగండి ఇతన్ని."

చెప్పలేదు. ఆ సంగతి సూపర్‌వైజరుకి తెలుసు. అంతకంటే ఎక్కువే తెలుసు. పది రోజుల కిందట అక్క భోజనానికి వెళ్లినప్పుడు వీడే ఒకసారి ఎర్ర బటన్ నొక్కాడు. 'సిద్ధం' అని పడ్డాక కూడా లోపల బుస్సుమంటూనే ఉంది. చేత్తో వాల్వు తిప్పి, అటూ ఇటూ చూసి, మెల్లగా జారుకున్నాడు. రిపోర్టు రాస్తే ఇంజనీరు పిలుస్తాడు. పిలిస్తే ఆరోజు ఊపిన తలకి అర్థం చెప్పుకోవాలి. ఎవరి చెయ్యి కాలినా ఫరవాలేదు గానీ, తనకేమీ తెలీదని నలుగురికీ తెలిస్తే ఎలా.

"ఏమయ్యా, చెప్పారా?" అన్నాడు మేనేజరు.

తల ఊగింది.

"బటన్ నొక్కాక ఆవిరి ఆగకపోవడం నువ్వెప్పుడైనా చూశావా?"

అక్క వాడి వైపు చూసింది. "ఉన్నది చెప్పన్నా" అంది. "నాకు సాయం చెయ్యమనట్లేదు. చూస్తే చూశానను, అంతే."

వాడు నేల చూశాడు. ఇంజనీరు వీపు చూశాడు. గోడ చూశాడు. అక్క మొహం తప్ప గదిలో అన్నీ చూశాడు.

"లేదు సార్" అన్నాడు.

సాయంత్రం లోపే అక్క తన టిఫిన్ డబ్బా, పాత చెప్పులు, తువ్వాలు సంచిలో వేసుకుని గేటు దాటింది. వారం పోయాక ఇంజనీరు చడీచప్పుడు లేకుండా వచ్చి, దూకే ముందు వాల్వు మూసే నాలుగు వరుసలు ప్రోగ్రాంలో చేర్చి వెళ్లాడు. సూపర్‌వైజరు పక్కనే నిలబడి దానికీ తలాడించాడు.

ఇంక చాలు, తప్పులుంటే దిద్దుకుని, రేపు మెషిన్ అక్క ఇంటికెళ్లి ఇదంతా చదివి వినిపించు తల్లీ, రాయించిందెవరని అడిగితే ఆ 'లేదు సార్' అన్నవాడు మా తాతే అని చెప్పు.