ఎవరి తరపు అవ్వ?

శుక్రవారం పొద్దున రోజా తన ఇద్దరు పిల్లలతో బోధన్‌లో ఆటో దిగేసరికి, నవత ఇంటి గేటు ముందు ఒక ముసలామె నిలబడి ఉంది.

రోజా గేటు తీసింది. పిల్లల వెనకే ఆమె కూడా లోపలికి నడిచింది.

చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, పిల్లలు కూర్చునే చాప చివర చోటు చేసుకుంది.

రోజా అత్తగారేమో అనుకుని నవత ఆమెకు చాయ్ ఇచ్చింది. నవత వాళ్లమ్మేమో అనుకుని రోజా నమస్కారం పెట్టింది.

ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ ఇంట్లో అలా అడిగే అలవాటు లేదు. నవత తన కూతురు వర్షను బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తోంది. అలాగే చదివించే మరికొన్ని కుటుంబాలు నిజామాబాద్ నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ప్రతి శుక్రవారం అక్కడ కలుస్తాయి. ఒక్కోసారి ఎవరో ఒకరు అతిథిగా వచ్చి తమ పని గురించి పిల్లలకు చెబుతారు. పోచంపాడ్ నుంచి ఎర్రన్న చేపల వల తెచ్చి, ఇల్లంతా పరిచి చూపించాడు. ఎవరొచ్చినా చాప, చాయ్, మధ్యాహ్నం అన్నం. అంతే.

ముసలామె మరుసటి శుక్రవారమూ వచ్చింది. ఆ తర్వాతా వస్తూనే ఉంది.

పేరు రాధాబాయి అని పిల్లలకు చెప్పిందట. మాటలో అక్కడక్కడా మరాఠీ తగిలేది. పిల్లలు పాడుతుంటే వినేది. వాళ్లు బొమ్మలు వేస్తే తానూ ఒక కాగితం అడిగి తీసుకునేది.

ఒకరోజు వర్ష ఆమెను అడిగింది, "అవ్వా, నువ్వు బడికి పోలేదా?"

"నువ్వు పోతున్నవా?" అంది రాధాబాయి.

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆనాటి నుంచి వర్ష ఆమెకు పలక మీద అక్షరాలు దిద్దించసాగింది. ఎంత దిద్దినా 'ధ' కుదిరేది కాదు. ఆమె చెరిపి మళ్లీ రాసేది. అన్నానికి పిలిచినా ఒక పట్టాన లేచేది కాదు.

వానాకాలంలో ఒక చెడ్డ కబురు తెలిసింది. పిల్లల్ని బడికి పంపడం లేదని ఎవరో ఫిర్యాదు చేశారు. విచారణకు మనిషి వస్తాడట. పిల్లల్ని విడదీసి బలవంతంగా బడుల్లో వేస్తారేమోనని అందరికీ భయం పట్టుకుంది.

నవత, రోజా వంటింట్లో ఆ మాటే మాట్లాడుకుంటున్నారు. రోజా గొంతు తగ్గించింది.

"మెల్లగ మాట్లాడు నవతా, మీ అమ్మ ఇంటే పరేషానైతది."

"మా అమ్మ వేల్పూర్‌ల ఉన్నది. ఆమె మీ అత్త గాదా?"

"మా అత్తకు మోకాళ్ల నొప్పులు. బస్సే ఎక్కది."

మిగతా ఇళ్లవాళ్లనూ అడిగి చూశారు. ఆమె ఎవరి తరపు మనిషీ కాదు.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఆమె మధ్యమధ్య లేచి గదులన్నీ తిరిగి చూసేది. ఈ పూట ఏం చదివారని పిల్లల్ని గుచ్చి గుచ్చి అడిగేది. ఫిర్యాదు ఈమె పనేనని, ఇక అనుమానం అక్కర్లేదనిపించింది నవతకు.

తర్వాతి శుక్రవారం ఆమెను గేటు దగ్గరే ఆపింది.

"అవ్వా, మీరు ఎవల తరపున వస్తున్రు?"

రాధాబాయి గేటు మీద చెయ్యి వేసింది.

"ఎవల తరపున గాదు బిడ్డా. నేనే వస్తున్న."

"ఎందుకు?"

"పిల్లల సప్పుడు ఇందామని."

నవతకు నమ్మబుద్ధి కాలేదు. పరిస్థితి బాగాలేదని, ఇకమీదట రావద్దని చెప్పింది. ఆమె ఎదురు మాట్లాడితే గట్టిగానే అనాలనుకుంది.

ఆమె తలూపింది. లోపల పలక పట్టుకుని ఎదురుచూస్తున్న వర్ష వైపు ఒకసారి చూసి, బస్టాండు దిక్కు నడిచింది.

ఆ రోజంతా వర్ష తల్లితో మాట్లాడలేదు.

విచారణకు వచ్చినాయన పిల్లలతో చాలాసేపు కబుర్లాడాడు. వయసు వచ్చాక పరీక్షలు రాయించమని చెప్పి, చాయ్ తాగి వెళ్లాడు. ఫిర్యాదు చేసింది వీధి చివరి ఇంటాయన అని ఆయన మాటల్లోనే తెలిసింది.

నవత మనసు చివుక్కుమంది. ఆ ముసలామెను ఎలాగైనా మళ్లీ తీసుకురావాలనుకుంది. ఊరు తెలియదు. ఎవరి మనిషో తెలియదు. కొన్ని శుక్రవారాలు బస్టాండుకు వెళ్లి, దిగేవాళ్ల ముఖాలు చూస్తూ నిలబడింది.

చలికాలంలో కోటగిరి నుంచి మధుకర్ వచ్చాడు. నవత వాళ్లకు ఈ ఇల్లు అద్దెకిచ్చింది అతనే. పగలంతా పిల్లల గోల భరించలేమని ఊళ్లో అందరూ ఇల్లు లేదన్నప్పుడు, ఒక్క ప్రశ్న వేయకుండా తాళాలు చేతిలో పెట్టాడు.

ఇప్పుడు గుండుతో ఉన్నాడు. మేనత్త పోయిందని, పిల్లలు లేని మనిషి కాబట్టి కర్మ తానే చేశానని చెప్పాడు. నిజానికి ఈ ఇల్లు ఆమెదేనట. భర్త పోయాక ఒక్కతే ఉండలేక, కోటగిరిలో తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయిందట.

"మీ పిల్లలు సదువుకున్నన్ని దినాలు ఇల్లు ఖాళీ చేపియ్యొద్దని చెప్పిపోయింది అక్కా. గదే చెప్దామని వచ్చిన."

తమను ఎన్నడూ చూడని మనిషికి ఇంత ప్రేమ ఎక్కడిదా అనుకుంది నవత.

"ఒక్కసారన్న తోల్కొస్తే మంచిగుంటుండె మధుకరన్నా. ఆమె ఇంట్ల ఆమె కూసొని ఇంత చాయ్ తాగి పోతుండె."

మధుకర్ విచిత్రంగా చూశాడు.

"వచ్చింది గదక్కా, శుక్రవారం శుక్రవారం, ఇంటామెనని తెలిస్తే కుర్సీ ఏస్తరు, పిల్లల పక్కన సాప మీద కూసోనియ్యరని మీకు చెప్పొద్దన్నది."