రెండోసారి అడిగినవాళ్ళు

అడవిలో వాగు దాటే చోట ఒక తాబేలమ్మ ఉండేది. ఎటునుంచి దాటాలో వచ్చేపోయేవాళ్ళకి చెప్పడమే ఆమె పని. అందుకు ఏనుగు పెద్దయ్య రోజూ ఆమెకి లేత ఆకులు పంపేవాడు.

ఒకనాడు పెద్దయ్య ఎక్కడినుంచో మాట్లాడే సొరబుర్రని తెచ్చి గట్టున పెట్టాడు. ఎవరేమడిగినా అది ఠక్కున చెప్పేది, విసుక్కునేది కాదు. ఎంత చిత్రమో అని తాబేలమ్మ కూడా నోరు తెరుచుకుని చూసింది.

"రేపటినుంచి నువ్వు దారి చెప్పనక్కర్లేదులే" అన్నాడు పెద్దయ్య. ఇక ఆకులెవరు పెడతారని ఆమె గుండె బరువెక్కింది.

అప్పుడే ఒక కుందేలు వచ్చి, "వాగు లోతెంత?" అని అడిగింది.

"రాళ్ళ మీదుగా వెళ్తే కాళ్ళు కూడా తడవవు" అంది బుర్ర.

కుందేలు కదల్లేదు. "లోతెంతన్నావు?" అని మళ్ళీ అడిగింది. బుర్ర మళ్ళీ అదే చెప్పింది.

"చెవులంత పొడుగున్నా దీనికి వినపడేట్టు లేదు" అని పెద్దయ్య నవ్వాడు.

తాబేలమ్మ నవ్వలేదు. దగ్గరికి జరిగి, "ఏం తల్లీ, భయమేస్తోందా?" అంది.

"పోయిన వానల్లో మా చెల్లి ఇక్కడే కొట్టుకుపోయింది పిన్నీ."

"పద, నేను నీ పక్కనే ఈదుతాను. నువ్వు రాళ్ళ మీద నడువు. కాలు జారితే నా వీపు మీద పడతావు, అంతేగా."

ఇద్దరూ అవతలి గట్టెక్కారు. పెద్దయ్య తొండం దించుకుని చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడూ ఆకులొచ్చాయి. తాబేలమ్మ ఎండలో వీపు కాచుకుంటూ వాటిని నములుతోంది. ఇంతలో గట్టు మీదినుంచి బుర్ర పిలిచింది.

"పిన్నీ, ఈ ఉడత రెండోసారి అడుగుతోంది. నువ్వొస్తావా?"